వాయనంలో వెళ్ళిపోయిన రోము మహారాణి

మా ఇంట్లో రోము మహారాణులున్నారు. హాలు పక్కనున్న చిన్న గదిలో, మఖమలు పరిచిన చెక్క ట్రేల్లో, పాత పావలా అంతేసి వెండి నాణేల మీద బుద్ధిగా ఓ పక్కకి తిరిగి ఉంటారు. మా ఆయన వాళ్ళని "నీ పేరంటాళ్ళు" అంటారు. నేను వాళ్ళ దగ్గర కూర్చున్నానంటే సాయంత్రం కాఫీ తనే కలుపుకోవాల్సి వస్తుందని ఆయన ఏడుపు.

చక్రవర్తుల నాణేలు నాకక్కర్లేదు. ఆ మగవాళ్ళందరిదీ ఒకటే గోల, మెడలు బిగించి యుద్ధం గెలిచామని చాటుకోవడం. ఆడవాళ్ళవి చూడాలి! ఒకావిడ జడని బుట్టలా చుట్టి నడినెత్తిన పెట్టుకుంది. ఇంకొకావిడ పాపిట తీసి, అలలు అలలుగా దువ్వి, మెడ దగ్గర ముడి వేసుకుంది. తలకట్టు చూసి ఇది ఏ రాణి, ఏ కాలం అని చెప్పేస్తాను. ఈ పిచ్చి నాకెలా పట్టిందో అడక్కండి. ఆఫీసులో రోజంతా మందుల కంపెనీ డేటాతో తలనొప్పి తెచ్చుకుని ఇంటికొస్తే, ఏదో ఒకటి కావాలి కదా మనిషికి.

అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళో, మా నాణేల క్లబ్బులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొదటిరోజు వెళ్ళినప్పుడు, మీ ఆయన ఇంకా రాలేదు, కూర్చోండి అన్నాడొకాయన. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే అన్నీ చదివాను, నేర్చుకున్నాను. మొన్న వేసవిలో మా ఊరి లైబ్రరీవాళ్ళు ఒక గాజుపెట్టె ఇస్తాం, ఏదైనా ప్రదర్శన పెట్టండి అంటే, రోము రాణులు పెడదామని పోట్లాడి ఒప్పించినదాన్నీ నేనే.

పెట్టె మధ్యలో పెట్టడానికి నా దగ్గర లేని నాణెం ఒకటి కావాల్సి వచ్చింది. అది క్లబ్బులో అందరికన్నా పెద్దాయన దగ్గరుంది. ఎనభై దాటిన అమెరికన్, ముక్కుసూటి మనిషి. తన వస్తువు గుమ్మం దాటదంటాడు. వెంటపడి వెంటపడి ఆయన్ని కరిగించాను. ముందువైపు రాణి ముఖం. వెనకవైపు నిలబడ్డ ఒక స్త్రీ, రెండు చేతుల్లో ఇద్దరు చంటిపిల్లలు, కాళ్ళ దగ్గర ఇంకో ఇద్దరు ఆడపిల్లలు. సంతానాన్ని రోమువాళ్ళు అలా ఓ దేవతగా బొమ్మ కట్టేవారు. ఆ రాణికి పిల్లలు పుట్టిన సంబరంలో వేయించిన నాణెమది.

"కడగకూడదు, రుద్దకూడదు. సోమవారం నాలుగింటికి పెట్టెలో పెట్టేటప్పుడు నేను దగ్గరుండి చూస్తాను" అన్నాడాయన ఇంగ్లీషులో, నాణెం నా చేతిలో పెట్టి. రసీదు రాసివ్వనా అంటే, నీ మాట చాలన్నాడు. ఆ ఒక్క మాటకి నేనెంత పొంగిపోయానో చెప్పలేను.

ఆ వారమే వరలక్ష్మీవ్రతం. కాకినాడ నుంచి వచ్చిన మా అత్తగారు ఉన్నారు కాబట్టి ఈసారి ఇల్లంతా పేరంటాళ్ళే. ఆవిడ వచ్చేటప్పుడే తాంబూలాల్లో పెట్టడానికి చిన్న చిన్న లక్ష్మీకాసులు వెండివి తెచ్చుకున్నారు. లెక్క ప్రకారమే తెచ్చారు. కానీ మన పేరంటాల్లో లెక్క ఎప్పుడు నిలిచింది? నా స్నేహితురాలు ఒకతె తమ అపార్ట్‌మెంట్స్‌లో ఉండే ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. పట్టుచీరలో ముడుచుకుని సోఫా చివర కూర్చుంది.

మా అత్తగారు అందరి ముందూ అడగనే అడిగారు. "పిల్లలెంతమందమ్మా?"

"లేరండి" అంది ఆ అమ్మాయి.

"పెళ్ళై ఎన్నాళ్ళయింది?"

నేను వంటింట్లోంచి "అత్తయ్యగారూ, పులిహోర!" అని కేకేశాను. పులిహోరకి ఏమీ కాలేదు. ఆ ప్రశ్నలు ఆపాలి, అంతే.

శనివారం పొద్దున నాణేలు సర్దుకుందామని గదిలోకి వెళ్ళాను. ట్రే మధ్యలో గుంట ఖాళీగా ఉంది. ముందు నమ్మలేదు. ట్రే ఎత్తాను, బల్ల కింద చూశాను, తివాచీ తడిమాను, చెత్తబుట్ట బోర్లించాను. అప్పుడు అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఏం వెతుకుతున్నావమ్మాయ్?" అన్నారు.

"ఇక్కడ ఒక నాణెం ఉండాలండీ."

"పిల్లల్నెత్తుకున్న అమ్మవారా? ఆ పిల్లకిచ్చాను."

"ఏ పిల్లకి?"

"అదే, పిల్లల్లేరందే, ఆ పిల్లకి. మన కాసులు ఒకటి తక్కువొచ్చాయి. ఉత్త చేతులతో పంపిస్తామా? ఇటు తొంగి చూస్తే సాక్షాత్తూ సంతానలక్ష్మే కనబడింది. పసుపూ కుంకుమా పెట్టి మరీ వాయనమిచ్చాను. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది తెలుసా?"

పసుపూ కుంకుమా కూడానా! కుర్చీలో కూలబడ్డాను.

"అది లక్ష్మి కాదండీ. రోము దేశపు రాణిది. మనది కూడా కాదు, ఇంకొకాయనది."

"రాణైతే మటుకు? పిల్లల తల్లేగా."

"నా గదిలో వస్తువులు ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"కడగొద్దని చెప్పావు. కడగలేదు. ఇవ్వొద్దని ఎప్పుడు చెప్పావు?"

నిజమే, ఆ ముక్క నేను చెప్పలేదు. ఒకరి దగ్గర ఎరువు తెచ్చిన రోము రాణిని వాయనమివ్వకండి అని ముందుగా చెప్పుకోవాలని ఈ భూప్రపంచంలో ఎవరికి తోస్తుంది?

సరే, వెళ్ళి తెచ్చేసుకుంటాను అని కారు తాళాలు తీశాను. అత్తగారి ముఖం మారిపోయింది. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. "అమ్మాయ్, కడుపు పండాలని ఇచ్చిన వాయనం వెనక్కడుగుతావా? పాపం, ఆ పిల్ల దాన్నేమని అనుకుంటుంది? నీ పరువు నీకు ముఖ్యం, సరే. రేపు దానికేదన్నా అయితే జన్మంతా ఆ మాట మొయ్యగలవా?" అన్నారు.

నాకిలాంటి నమ్మకాలు లేవు. లేవనే అనుకునేదాన్ని. అయినా తాళాలు తీసిన చోటే పెట్టేశాను.

స్నేహితురాలికి ఫోన్ చేసి ఆ అమ్మాయి నంబరు తీసుకున్నాను. విషయం చెప్పాను. అది, "నీకు తెలీదు కదూ... ఐవీఎఫ్ నడుస్తోందే దానికి. పోయినవారమే పిండం లోపల పెట్టారు. నిలిచిందో లేదో సోమవారం బ్లడ్ టెస్ట్. కాస్త మనసు కుదురుగా ఉంటుందని నేనే లాక్కొచ్చాను" అంది.

సోమవారం! ఇంక ఏ రోజూ దొరకనట్టు పెద్దాయనకీ ఈ పిల్లకీ సోమవారమే దొరికింది. శనివారమంతా ఫోను చేతిలో పట్టుకుని తిరిగాను. అమ్మా, పొరపాటైంది అని మొదలుపెట్టి చెరిపేశాను. చివరికి ఎలా ఉన్నావమ్మా అని మెసేజ్ పెట్టాను. "బాగున్నా ఆంటీ. మీ ఇంట్లో చాలా మంచిగనిపించింది. కాసు నా దగ్గరే పెట్టుకున్నా" అని జవాబొచ్చింది. కింద రెండు దండాల బొమ్మలు. ఆ దండాలు చూసి ఫోను బోర్లా పెట్టేశాను.

ఆదివారం ఒక ఉపాయం తట్టింది. మా పెళ్ళికి అమ్మ పెట్టిన పెద్ద వెండి లక్ష్మీకాసు బీరువాలో ఉంది. ఇదిచ్చి, మా అత్తగారికి కళ్ళు సరిగ్గా కనబడక వేరేది ఇచ్చారమ్మా, నీకివ్వాలనుకున్నది ఇదీ, అని మార్చేస్తే సరి. ఇచ్చింది వెనక్కి తీసుకున్నట్టూ కాదు. ఎంత తెలివిగా ఆలోచించానో అనుకుంటూ బయల్దేరాను. దారి పొడుగునా ఆ వాక్యం గట్టిగా పైకే చెప్పుకున్నాను, తడబడకుండా.

పార్కింగ్ లాట్‌లోనే ఆ అమ్మాయి భర్త ఎదురయ్యాడు. కిందికి చెత్త పారేయడానికి వచ్చాడట. సన్నగా, నిద్ర లేని కళ్ళతో ఉన్నాడు. నన్ను నేను పరిచయం చేసుకుని, తెచ్చిన వాక్యం ఆయనకే అప్పజెప్పాను. అంతా విన్నాడు. సంచీలో కాసు చూశాడు. మళ్ళీ నా ముఖం చూశాడు.

"ఆంటీ, ఏమనుకోకండి. రేపు రిజల్ట్ వచ్చేదాకా ఆగుండ్రి. ఆమె ఆ కాయిన్‌ని వదుల్తలేదు. పడుకున్నా పిడికిట్లనే ఉంటది. చేతిలకెళ్ళి తీస్తే ఆమె తట్టుకోలేదు. ప్లీజ్ ఆంటీ, మీ కాళ్ళు మొక్కుతా."

నిజంగానే వంగబోయాడు. చెత్తడబ్బాల పక్కన, పట్టపగలు, కొడుకు వయసువాడు. నేను రెండడుగులు వెనక్కి వేసి, "ఛ, అదేం మాట బాబూ" అన్నాను. పైకి కూడా వెళ్ళకుండా తిరిగొచ్చేశాను.

ఆ సాయంత్రం పెద్దాయన ఫోన్ చేశాడు. రేపు వాన పడుతుందంటున్నారు, డబ్బా మూత గట్టిగా పెట్టు అన్నాడు. సరేనన్నాను. నాణెం భద్రంగా ఉంది కదా అన్నాడు. ఉంది అన్నాను. అబద్ధం కాదు, ఎక్కడో ఉంది, ఆ పిల్ల పిడికిట్లో నాకన్నా భద్రంగానే ఉంది. "నిన్ను నమ్మి మంచిపని చేశాను" అని పెట్టేశాడు. నేను ఫోను సోఫాలోకి విసిరికొట్టాను. మా ఆయన టీవీ కట్టేసి లోపలికి వెళ్ళిపోయారు, అలాంటప్పుడు నా దగ్గర ఉండకూడదని ఆయనకి తెలుసు.

నిద్రపట్టక ఒకటే ఆలోచన. పాజిటివ్ వస్తే ఆ నాణెం ఇంక ఆ పిల్ల ఇచ్చేదేనా? తొమ్మిది నెలలూ దాన్ని కళ్ళకద్దుకుంటుంది. నెగెటివ్ వస్తే, ఆ ఏడుపులో వెళ్ళి, అమ్మా నా వస్తువు నాకివ్వు అని చెయ్యి చాపాలి. ఎటు చూసినా చావే. ఇక క్లబ్బు సంగతంటారా, వాళ్ళు పైకి ఏమీ అనరు. నాకు తెలుసు వాళ్ళు ఎలా అనరో. ఇంకెప్పుడూ ఎవరూ నా చేతికి ఏమీ ఇవ్వరు. నాకే కాదు, నాలాంటి ముఖం ఉన్న ఎవరు వచ్చినా ఇవ్వరు. ఇంత చదివి, ఇంత పోట్లాడి, చివరికి ఇదా!

సోమవారం సెలవు పెట్టాను. మిగిలిన రాణులందర్నీ డబ్బాలో సర్దాను. రెండవుతుండగా ఆ అబ్బాయి మెసేజ్. "నెగెటివ్ ఆంటీ. మిమ్మల్ని రమ్మంటుంది."

అత్తగారికి చెప్పాను. ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. "నేనివ్వకుండా ఉండాల్సింది. ఆశ పెట్టినదాన్ని నేనే" అన్నారు. ఆవిడ మీద నాకు రెండు రోజులుగా పేరుకున్న కోపమంతా ఎటు పోయిందో తెలీదు. మంచినీళ్ళిచ్చి, డబ్బా తీసుకుని బయల్దేరాను. వాన మొదలైంది.

ఆ అబ్బాయే తలుపు తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆఫీస్ కాల్ ఉందంటూ ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు మూసుకున్నాడు. కాల్ ఏమీ లేదని నాకు తెలుస్తూనే ఉంది. వానవైపు తిరిగి ఊరికే నిలబడ్డాడు.

అమ్మాయి సోఫాలో దుప్పటి కప్పుకుని ఉంది. పక్కన కూర్చున్నాను. జారిన దుప్పటి భుజం మీదికి లాగాను.

తనే మాట్లాడింది. "ఇది లక్ష్మీదేవి కాదని నాకు శుక్రవారమే తెలిసింది ఆంటీ."

"ఎలా?"

"ఇంటికి రాంగనే ఫోటో తీసి నెట్‌ల వెతికినా. చుట్టూ ఇంగ్లీషు అక్షరాలున్నయి కదా. రోమ్ రాణిదని వచ్చింది. మీ దగ్గర్నుంచి పొరపాటున వచ్చిందని అర్థమైంది. తెల్లారి ఇచ్చేద్దామనుకున్నా." బాల్కనీవైపు చూసి గొంతు తగ్గించింది. "ఆయన దాన్ని చూసి, అమ్మవారే ఇంటికొచ్చింది, ఈసారి పక్కా అన్నడు. రెండేండ్లయింది ఆయన నవ్వక. ఎట్ల చెప్పాలె ఆంటీ? ఆయన కోసం పట్టుకొని పడుకున్నా."

నేను బాల్కనీవైపు చూశాను. ఆమె కోసం ఆగమని నా కాళ్ళు పట్టుకోబోయినవాడు అక్కడ ఉన్నాడు. ఆయన కోసం పిడికిలి విప్పనిది ఇక్కడ ఉంది. ఈ పిచ్చిపిల్లల్ని ఏమనాలి! నాకు ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు.

"ఉంచుకోమ్మా" అన్నాను. ఆ మాట అంటానని నాకే తెలియదు. "ఆ పెద్దాయనకి నేను చెప్పుకుంటాను. తిడితే తిడతాడు. నీ దగ్గరే ఉంచుకో."

"వద్దు ఆంటీ. మీ మాట పోతది." లేచి, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. పోపులడబ్బాలోంచి పసుపు తీసుకుని వచ్చింది. నా పాదాలకి రాయబోతే ఆపి చేతులు చాపాను. చేతులకే రాసింది. నుదుట కుంకుమ పెట్టింది. ఒక అరటిపండు మీద ఆ నాణెం పెట్టి రెండు చేతులతో నాకందించింది. "వెనక్కిస్తలేను. నేను మీకిస్తున్నా. ఇట్లయితే ఎవరికీ తప్పు లేదు కదా" అంది.

కొంగు పట్టి అందుకున్నాను. ఆ పిల్లకన్నా రెట్టింపు వయసు దాదాపు నాకు. ఆశీర్వదించాలి, పద్ధతి ప్రకారం. ఏమని ఆశీర్వదించను? తల మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాను.

గోడ గడియారం మూడు దాటింది. బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది. చెప్పులేసుకుంటుండగా, "అందరూ పిల్లల్లేరా పిల్లల్లేరా అని అడుగుతరు ఆంటీ" అంది. "ఉన్నరు. ఇద్దరు. ఒకరు మూడో నెలల, ఒకరు అయిదో నెలల పోయిండ్రు. ఇప్పుడిది అసలు నిలవనే లేదు. ఆ కాసు మీద ఆమె చేతులల్ల కూడ ఇద్దరున్నరు కదా. వాళ్ళు బతికిండ్రా?"

నాకు తెలుసు. ఈ రాణుల సంగతులు నాకు తెలిసినంత మా క్లబ్బులో ఎవరికీ తెలియవు. ఆ చేతుల్లోవాళ్ళు కవలలంటారు. ఒకడు నాలుగేళ్ళకే పోయాడు. రెండోవాడు పెరిగి, సింహాసనమెక్కి, అయినవాళ్ళనీ కానివాళ్ళనీ చంపించి, దేశాన్ని సర్వనాశనం చేసి, చివరికి తనవాళ్ళ చేతుల్లోనే చచ్చాడు. ఇంకెవరడిగినా గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేదాన్ని.

"ఒకడు బతికాడమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి ముఖంలోకి కాస్త వెలుగొచ్చింది. నిజంగా వచ్చింది, ఆ రోజు మొదటిసారి. "పోనీలే" అంది, ఎవరో తెలిసినావిడకి మేలు జరిగిందని విన్నట్టు. "ఒకడన్న మిగిలిండు ఆమెకు."